క్యాసెట్టు చివర భోంచేసే అప్ప

తెల్లకాగితాన్ని మడిచి, స్పిరిట్‌లో ముంచి, బాషా వీసీఆర్ కడుపులోకి రెండు వేళ్ళు దూర్చాడు. లోపల మెరుస్తున్న గుండ్రటి హెడ్డుకు ఆ కాగితాన్ని ఆనించి, ఎడమచేత్తో హెడ్డును మెల్లగా తిప్పాడు. పసిబిడ్డ చెవి తుడిచేటప్పుడు తల్లి ఊపిరి బిగబట్టినట్టు బిగబట్టాడు. కాగితం మీద సన్నటి నల్లగీత పడింది. దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఇంకా బతికే ఉండావు" అన్నాడు.

అంగట్లో మరెవరూ లేరు. ఆ మాట వీసీఆర్‌కే.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వీధి వెనక సందులో ఉంది ఆ అంగడి. పైన ఇల్లు, కింద అంగడి, మధ్యలో ఇరుకు మెట్లు. బోర్డు మీద 'బాషా వీడియో మిక్సింగ్' అని ఉండేది. ఎండకు ఎర్రరంగు వెలిసిపోయి ఇప్పుడు 'బాషా' ఒక్కటే కనిపిస్తుంది. లోపల ఒక కంప్యూటరు, ఒక డబ్బా టీవీ, పసుపు ఎరుపు తెలుపు వైర్ల చిక్కు, ఆ చిక్కు చివర భార్య మాబున్ని అల్లిన దారపు గుడ్డ కప్పుకుని ఈ వీసీఆర్. గుడ్డకు నాలుగు మూలలా పూసలు కూడా ఉన్నాయి. కోడలికి కూడా అంత ముచ్చటగా ముసుగు వేయరని వచ్చిన వాళ్ళు నవ్వుతారు.

లోకమంతా పాత క్యాసెట్లను ఫోన్లలోకి ఎక్కించుకుంటుంటే బాషా ఫోన్లలో ఉన్నవాటిని పాతవాటిలోకి దించేవాడు. జమ్మలమడుగులో కటింగ్ షాపు ఉమైర్ దగ్గరున్న ప్లేయరు డిస్కులు తప్ప మరొకటి ముట్టదు. బ్రహ్మంగారిమఠం దగ్గర బొమ్మలమ్మే నిర్మలమ్మదీ అదే బాధ. కీప్యాడ్ ఫోనుకు సరిపడేలా వీడియోను చిన్నది చెయ్యమని గొర్రెల కాపరులు వచ్చేవాళ్ళు. అందరికంటే అరుదైనవాళ్ళు క్యాసెట్టు వాళ్ళు. జిల్లా మొత్తానికి వాళ్ళను చేతివేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

పులివెందులలో కాపురముంటున్న కూతురు ఫరహత్ ఫోను చేసినప్పుడల్లా ఇదే మాట.

"అబ్బా, జనమంతా ముందుకు పోతాంటే నువ్వొక్కడివే ఎనక్కి పోతాండావు. మూసేయ్ ఆ అంగడిని."

"ఎనకుండేవాళ్ళకు ఎవరో ఒకరు తీసకపోయి ఇయ్యాల గదమ్మా" అనేవాడు బాషా.

అతనికి భయాలు ఎక్కువ. కరెంటు పోతుందని భయం. వానాకాలం తేమకు టేపులకు బూజు పడుతుందని భయం. అందుకని ఎండ వచ్చిన రోజున క్యాసెట్లను మిద్దె మీద మాబున్ని వడియాల పక్కన పరిచేవాడు. వడియాలకు కాకి కాపలా, క్యాసెట్లకు బాషా కాపలా. అన్నిటికన్నా పెద్ద భయం ఆ హెడ్డు. అది అరిగిపోతే వేసే ఇంకొకటి భూమ్మీద ఎక్కడుందో అతనికి తెలియదు.

ఖాళీ క్యాసెట్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. కొత్తది ఎక్కించాలంటే పాతదాని మీదే ఎక్కించాలి. పాతికేళ్ళ పాటు పెళ్ళిళ్ళకు కెమెరా మోసినవాడు కాబట్టి, తీసుకుపోని వాళ్ళ క్యాసెట్లు అతని దగ్గర అల్మారా నిండా ఉండేవి. అలిగిన వియ్యంకులవి, ఊరు మారినవాళ్ళవి, పెళ్ళి చెడిపోయి ఇక చూడబుద్ధికాని వాళ్ళవి. వాటి మీదే కొత్తవి ఎక్కించేవాడు. కొత్తది అయిపోగానే తెర మీద కాసేపు గీతలు కొట్టుకుని, ఆ గీతల్లోంచి పాతది తల ఎత్తేది. ఎవరింటి గృహప్రవేశమో ముగిసి, ఎవరి పెళ్ళికూతురో ఏడ్చుకుంటూ జీపు ఎక్కేది. జనం మొదట్లో గొడవపడ్డారు. తర్వాత అలవాటు పడ్డారు. సినిమా అయ్యాక వచ్చే జాతీయగీతంలా అది కూడా పద్ధతే అనుకున్నారు.

హెడ్డు తుడవడం ముగించి, మూత బిగించి, దారపు గుడ్డ సర్దుతుండగా వాకిట్లో బండి ఆగింది. సింహాద్రిపురం పక్క పల్లె నుంచి జయచంద్ర. మేకల బేరగాడు. ఇంతకుముందు ఒకటి రెండుసార్లు కీప్యాడ్ ఫోనులో పాటలు వేయించుకోవడానికి వచ్చాడు. ఈసారి బండి వెనక వాళ్ళ అవ్వ ఉంది. సన్నగా, పొడుగ్గా, ఎండుటాకు రంగు చీరలో. చేతికి లావు వెండి కడియం. గుడ్డసంచిని రెండు చేతులతో పొట్టకు అదుముకుని దిగింది. అంగట్లోకి వచ్చి, చెప్పులు విడిచి, స్టూలు మీద కూర్చుని, అంగడినంతా ఒకసారి కలయజూసి, "చీకటిగుండాది" అంది.

"మా అవ్వ, చౌడమ్మ" అన్నాడు జయచంద్ర. ఫోను చాచాడు. "మామా, ఇది మా పాపకు పేరు పెట్టిన పండగ. గంటకు పైనే ఉండాది. అవ్వకు క్యాసెట్టులో ఎక్కించియ్యాల. ఫోన్లో చూపిస్తే చూడదు. మనుషులు చీమల మాదిరి ఉండారంటాది."

"చీమలైనా నయమే, నడుస్తాంటాయి" అంది చౌడమ్మ. "వీని ఫోన్లో నడిమధ్యలో నిలబడిపోతాండారు. నోరు తెరిచినోళ్ళు తెరిచినట్టే."

"కొత్త క్యాసెట్లు లేవే అల్లుడూ."

"తెలుసులే మామా. మా ఇంట్లోదే తెచ్చినాం, అప్పుడు మా నాయనకు నువ్విచ్చిందే. దీంట్లో ముందర నా పుట్టెంటికలు ఉండాయి. అది అట్లనే పెట్టు. దాని ఎనక ఎవురో సాయిబుల పెండ్లి భోజనం ఉండాది, పనికిరానిది. దాని మీద పాపది ఎక్కించు."

చౌడమ్మ సంచిని ఇంకా లోపలికి అదుముకుంది. "ఆయప్పను చెరిపితే చేతులిరగ్గొడతా. ఇద్దరివీ."

"ఏ అప్పను పెద్దమ్మా?" అన్నాడు బాషా.

"భోంచేసే అప్పను."

జయచంద్ర నుదురు కొట్టుకున్నాడు. ఈ మాట వినవలసి వస్తుందనే దారి పొడుగునా భయపడుతూ వచ్చినట్టున్నాడు.

"ఏం చెప్పాల్లే మామా. రోజూ మధ్యాన్నం ఈ క్యాసెట్టు పెట్టుకొని తింటాది. దాంట్లో ఎవురో ఒకాయప్ప తింటాంటాడు. ఆయప్ప కూర్చుంటే ఈమె కూర్చుంటాది. ఆయప్ప లేస్తే ఈమె లేస్తాది. పోయిన వానలకు లైను తెగి కరెంటు రాకపాయె, ఆ దినాలంతా మెతుకు ముట్టలే. కండ్లు తిరిగి పడిపాయె. సూదులేయించుకొని వచ్చినాం. ఊర్లో అందురూ నవ్వుతాండారు మామా. పాపది ఎక్కించియ్యి, పాపను చూసి తింటాది."

"పాప తింటాదా?" అంది చౌడమ్మ. "పాలు తాగుతాది. పాలు తాగే బిడ్డను ముందర పెట్టుకొని సంగటి తింటే దిష్టి తగులుతాది. ఆ మాత్రం తెలీదు, బిడ్డనైతే కన్నాడు."

జయచంద్ర మళ్ళీ నుదురు కొట్టుకున్నాడు.

"మా ఇంటాయన పెంచలయ్య ఉన్నన్ని దినాలు ఆయనతో తింటి" అంది చౌడమ్మ, బాషా వైపు తిరిగి. "ఆయన పాయె. కొడుకూ కోడలూ మేకలెంబడి పోతారు. వీని పెండ్లాం మహేశ్వరి బిడ్డను తీసుకొని లోపల పండుకుంటాది. ఒక్కదాన్నే సంగటి తట్ట ముందర కూర్చుంటే ముద్ద దిగదు అప్పా. ఒకనాడు వీని పుట్టెంటికలు చూస్తాంటి. అది అయిపాయె, గీతలొచ్చె, గీతల్లోంచి ఆయప్ప వచ్చె. తింటాండాడు. నేనూ ముద్ద కలిపి తింటి. దిగె."

గొంతు తగ్గించి అడిగింది.

"ఆయప్ప ఎవురో, యాడుండాడో నీకు తెలిసింటాదని వచ్చినా. పాప పండగకు అందర్నీ పిలిచి ఆయప్పను మాత్రం పిలవకపోతి. శానా తప్పుగా ఉండాది."

బాషా క్యాసెట్టు తీసుకుని, అద్దాలు సర్దుకుని, మిషన్లో పెట్టాడు. తెర మీద గుండు చేయించుకుంటూ ఒక పిల్లవాడు గొంతు పగిలేలా ఏడ్చాడు. మంగలి ఎంత బుజ్జగించినా తల తిప్పేస్తున్నాడు. జయచంద్ర గోడ వైపు చూశాడు. గుండు పూర్తయింది, గంధం పూశారు, గీతలు వచ్చాయి. గీతలు కిందికి జారిపోగానే షామియానా కింద చాప, చాప మీద తెల్లగుడ్డ, గుడ్డ ముందు సన్నటి యువకుడు. నుదుటి మీద పడే ఉంగరాల జుట్టు. గళ్ళ చొక్కా. బిర్యానీ గిన్నెతో ఎవరిదో చేయి దగ్గరికి వచ్చింది. యువకుడు ఎడమచేతిని తట్ట మీద అడ్డంగా పెట్టాడు, చాలన్నట్టు.

"చూడు చూడు" అంది చౌడమ్మ. "వద్దు వద్దంటానే వేళ్ళు ఎడం చేస్తాడు."

నిజమే. అడ్డం పెట్టిన వేళ్ళు మెల్లగా విచ్చుకున్నాయి. గరిటె ఆ సందులోంచే లోపలికి పోయింది. యువకుడు సిగ్గుపడినట్టు ఒకసారి కెమెరా వైపు చూసి, తల దించుకుని తిన్నాడు. తరువాత ఎముక ఒకటి తీసుకుని తట్ట అంచుకు టకటక కొట్టి, మూలుగను పీల్చాడు.

బాషాకు స్టూలు కావలసి వచ్చింది. దాని మీద చౌడమ్మ ఉంది కాబట్టి నిలబడే చూశాడు.

ఆ పెళ్ళి అతనికి గుర్తుంది. వియ్యంకులు బిర్యానీలోకి పోసే దాల్చా పలచనయిందని మొదలుపెట్టి తలపాగాలు లాక్కునేదాకా పోయారు. ఇరువైపులవాళ్ళూ క్యాసెట్టు కోసం మళ్ళీ రాలేదు. వీడియో తీసేవాడు ఏ పెళ్ళిలోనైనా అందరికన్నా చివర తింటాడు. ఆ రోజు కూడా పందిరి ఖాళీ అయ్యాక, లైటు పట్టుకునే హుమాయున్ చేతిలో కెమెరా పెట్టి, "ఇది పట్టుకో, కింద పెట్టొద్దు" అని తినడానికి కూర్చున్నాడు. హుమాయున్ జీవితంలో మొదటిసారి కెమెరా పట్టుకున్నాడు. అది నడుస్తోందని అతనికి తెలియదు, ఆపడం అసలే తెలియదు. ఉస్తాదు తింటుంటే కదలకుండా అతని వైపే పట్టుకుని నిలబడ్డాడు. మొదటి ముద్ద నుంచి చేయి కడుక్కునేదాకా. ఆ తర్వాత హుమాయున్ కువైట్ పోయాడు. ఆ క్యాసెట్టు చివర ఏముందో బాషా ఎన్నడూ చూడలేదు.

ఎన్ని పెళ్ళిళ్ళు తీశాడో. ఏ ఒక్కదానిలోనూ అతను లేడు. ఉండకూడదు కూడా. కెమెరావాడి నీడ పడినా జనం తప్పు పట్టేవాళ్ళు.

"పెద్దమ్మా" అన్నాడు. "ఆ మనిషి నేనే."

చౌడమ్మ తెరను చూసింది. బాషాను చూసింది. బట్టతల దగ్గర మొదలుపెట్టి, మెడ దాటి, చొక్కా గుండీల మీద అదనంగా పనిచేస్తున్న పొట్టదాకా దిగి, మళ్ళీ పైకి ఎక్కింది.

"పో అప్పా. పెద్దముండను పట్టుకొని ఎగతాళి చెయ్యొద్దు."

"నిజంగా నేనే."

"ఆయప్పకు జుట్టుండాది."

"నాకూ ఉన్న్యాది."

"ఉన్న్యాదంటే సరిపోతాదా? మా ఊర్లో అందురూ రెడ్లమే అంటారు."

జయచంద్ర ఈ మధ్యలో తెరను, మనిషిని మార్చి మార్చి చూసి, "ముక్కు కొంచెం..." అన్నాడు. అవ్వ చూపుకు అక్కడే ఆపేశాడు.

అప్పుడే మెట్ల మీద క్యారియరు చప్పుడయింది. మాబున్ని మధ్యాహ్నం అన్నం తెచ్చింది. గుండ్రటి మొహం, చెంగు తల మీద, ఎవరున్నారో చూడకముందే నవ్వే మనిషి. బాషాకు సాక్షి దొరికింది.

"మాబున్నీ, ఈ టీవీలో ఎవురుండారో చూసి చెప్పు."

ఆమె క్యారియరు కింద పెట్టి, తెర దగ్గరికి వంగి, కళ్ళు చిట్లించింది. "ఎవురీ పిల్లోడు? చక్కగుండాడే."

"నేనే!"

"నువ్వా? నువ్వు ఇంత చక్కగుండింటే నేను పెండ్లినాడు అంతసేపు ఏడ్చేదాన్నే కాదు."

చౌడమ్మ తృప్తిగా తల ఊపింది. కట్టుకున్నదే కాదన్నాక ఇంకెవరు చెప్పాలి? బాషా కోపమొచ్చినా ఏమీ చేయలేక వీసీఆర్ గుడ్డ సర్దాడు.

మాబున్ని వాళ్ళను వెళ్ళనివ్వలేదు. పొద్దుననగా బయలుదేరిన ముసలామెను అన్నం వేళకు బయటికి పంపడమేమిటని పైకి పోయి ఇంకొంత అన్నం, మాంసం వేసిన సొరకాయ దాల్చా తెచ్చింది. అంగట్లో వైర్లు పక్కకు జరిపి చాప వేసింది. టీవీ ఆపేసింది. చౌడమ్మ తట్ట ముందు కూర్చుని, ఆగిపోయిన తెరను ఒకసారి చూసి, చేయి ఒళ్ళో పెట్టుకుంది.

"తిను అవ్వా" అంది మాబున్ని.

"తింటాలే."

తినలేదు. అన్నంలో వేలితో గీతలు గీసింది. జయచంద్ర, చూడండి నేను చెప్పలేదా అన్నట్టు అందరి వైపూ చూశాడు. అతని కళ్ళలో నవ్వు లేదు, ఈసారి భయమే ఉంది. ఇంట్లో రోజూ దీన్నే చూస్తున్నాడు.

బాషా మాత్రం ఆకలిగా ఉన్నాడు. నేనే అంటే కాదంటారా అన్న రోషం కూడా ఆకలికి తోడయింది. ఎవరినీ చూడకుండా తింటున్నాడు. మాబున్ని దాల్చా గరిటె తెచ్చింది. బాషా నోటినిండా అన్నంతో ఎడమచేయి తట్ట మీద అడ్డం పెట్టాడు. వేళ్ళు మెల్లగా ఎడం అయ్యాయి. మాబున్ని అలవాటుగా ఆ సందులోంచే పోసింది. దాల్చాలో ఎముక ఒకటి వచ్చింది. బాషా దాన్ని తీసుకుని తట్ట అంచుకు టకటక కొట్టాడు.

చౌడమ్మ చేయి ఆగింది.

"ఇంకోసారి కొట్టు."

బాషా తల ఎత్తాడు.

"కొట్టు అప్పా."

టకటక.

"ఓరి నా సామీ!" అంది చౌడమ్మ. "నువ్వే గదా!"

"పొద్దున్నుంచి చెప్తాండా గదా పెద్దమ్మా."

"ఇన్నేండ్లు నా ఎదురుగా కూర్చొని తిని, ఒక్కనాడు పలకరిస్తివా? ఎట్లుండావు అవ్వా అని అడిగితివా?" ఆమె నిజంగానే తిడుతోంది. తిడుతూనే ముద్ద కలిపింది. ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, మళ్ళీ బాషాను కింది నుంచి పైదాకా చూసింది. "శానా లావయినావు. మా ఇంటి కూడు నీకు బాగా పట్టింది."

మాబున్ని నవ్వు ఆపుకోలేక గోడను పట్టుకుంది. బాషా కూడా నవ్వాడు. కానీ తట్ట వైపు చూసి. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిలా. ఎవరో ఒకరు తనను ఇన్నాళ్ళు చూస్తూ ఉన్నారనే సంగతి అతనికి కొత్తది. దాల్చా ఇంకొంచెం పోయించుకున్నాడు. అతను పోయించుకుంటే చౌడమ్మ కూడా పోయించుకుంది. చివరి ముద్ద దాకా ఇద్దరూ ఒకరి వేగంతో ఒకరు తిన్నారు.

చేతులు కడుక్కున్నాక జయచంద్ర అడిగాడు. "ఇప్పుడు మనిషినే చూసినావు గదా అవ్వా. ఇంక క్యాసెట్టులో ఉండేదాన్ని చెరిపేద్దామా?"

"ఈయన దినామూ మా ఊరికొచ్చి తింటాడా?" అంది చౌడమ్మ.

మాట అక్కడితో తీరిపోయింది. పాప పండగకు ఇంకొక క్యాసెట్టు కావాలి. బాషా అల్మారా తెరిచాడు. ఉన్నవన్నీ బూజు పట్టినవి, లేదా టేపు ముడతలు పడినవి. వెతికి వెతికి, చివరికి పైకప్పు వైపు చూశాడు. పైకప్పు మీద ఇల్లు, ఇంట్లో బీరువా.

"ఆ చూపు నాకు తెలుసు" అంది మాబున్ని. "మన పెండ్లి క్యాసెట్టు జోలికి పోవద్దు."

"దాంట్లో నేను యాడుండా? మొగం మీద పూలదండలే గదా. నా బదులు ఎవుర్ని కూర్చోబెట్టినా తెలీదు."

"నేనున్నా గదా!"

ఆ మాటకు బాషా తగ్గాడు. ఫోనును కంప్యూటరుకు తగిలించి వీడియో దించుకోవడం మొదలుపెట్టాడు. చౌడమ్మే కదిలించింది.

"నువ్వు తింటావా మా, ఆ క్యాసెట్టులో?"

"తింటా అవ్వా. మా ఆడబిడ్డలు నోట్లో పెడతాంటారు. నేను ఏడుస్తాంటా. ఏడుస్తానే తింటాంటా."

"అది ముందరుండాదా, ఎనకుండాదా?"

"శానా ఎనక."

"అయితే ముందరిది తుడిచెయ్యి, ఎనకది ఉండనీ. మీ ఇద్దర్నీ కూర్చోబెట్టుకొని తింటా. ఒకనాడు ఈయప్ప, ఒకనాడు నువ్వు."

మాబున్ని చాలాసేపు చెంగు కొనను వేలికి చుట్టింది. తరువాత పైకి వెళ్ళి, పాత దుపట్టాలో చుట్టిన క్యాసెట్టును తెచ్చింది.

"పాప పండగ అయిపోయిన ఎంటనే ఆపాల" అంది మొగుడితో. "నావి ఒక్క ముద్ద తగ్గినా ఊరుకోను."

పెళ్ళయిన కొత్తలో ఎవరూ, ముఖ్యంగా తాను, పొరపాటున దాని మీద ఇంకోటి ఎక్కించకుండా ఆ క్యాసెట్టు వీపున ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకును బాషానే విరిచేశాడు. పలుకు లేకపోతే మిషన్ రికార్డు చేయనంటుంది. ఇప్పుడు ఆ బొక్కకు ప్లాస్టరు ముక్క అంటించి, బొటనవేలితో రెండుసార్లు రుద్ది, మిషన్లో పెట్టాడు. ఎర్రదీపం వెలిగింది. పాప తెర మీదికి వచ్చింది, ఉయ్యాల్లో, పిడికిళ్ళు బిగించి.

ఈ పనికి తొందర పనికిరాదు. గంట వీడియోకు గంట కావలసిందే. వాళ్ళు అంతసేపు ఆగితే ముసలామెతో ఊరు చేరేసరికి పొద్దుగూకుతుందని, మళ్ళీ వచ్చి తీసుకుపోతానన్నాడు జయచంద్ర. పాత క్యాసెట్టు మాత్రం చౌడమ్మ సంచిలోకి వెళ్ళింది. రేపు మధ్యాహ్నానికి అది కావాలి. మాబున్ని మిగిలిన దాల్చాను ఒక స్టీలు డబ్బాలో పోసి, మూత గట్టిగా నొక్కి, ఆ సంచిలోనే పెట్టింది. పెళ్ళిలో వచ్చిన డబ్బా అది. పేరు కూడా చెక్కి ఉంది.

"డబ్బా నేనే తెచ్చిస్తా" అంది చౌడమ్మ. బండి ఎక్కాక బాషాతో చెప్పింది. "నువ్వు రా అప్పా మా ఇంటికి. టీవీలో గాదు, నిజంగా. ఎనుము పెరుగు పోస్తా. వేళ్ళు ఎడం చెయ్యకపోయినా పోస్తా."

"వస్తాలే పెద్దమ్మా."

బండి సందు మలుపు తిరిగింది. మాబున్ని గిన్నెలు తీసుకుని పైకి వెళ్ళింది. బాషా కుర్చీలో కూర్చున్నాడు. ఛాతీలో కొంచెం బరువుగా ఉంది. ఆ రెండో విడత దాల్చా పోయించుకోకుండా ఉండాల్సింది అనుకున్నాడు. తెర మీద పాప చెవిలో ఎవరో పేరు చెప్పారు. పాప ఆవలించింది. బాషా కూడా ఆవలించాడు. ఎడమచేయి ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. వేళ్ళు దగ్గరికి చేర్చాడు, మెల్లగా ఎడం చేశాడు. తనకు తెలియకుండా తాను ఇన్నేళ్ళుగా చేస్తున్న పని. ఇంతమంది పెళ్ళిళ్ళు చూసిన కళ్ళకు ఇది ఎట్లా కనపడలేదో.

నవ్వుకున్నాడు. నడుం వాల్చాడు. రికార్డు నడిచేటప్పుడు అతనిది కోడినిద్ర, మిషన్ చప్పుడు ఏమాత్రం మారినా లేస్తాడని మాబున్నికి ధీమా.

అయినా సాయంత్రపు అసర్ నమాజు పిలుపు వినపడగానే ఆమెకు గుబులు పుట్టింది. టీ గ్లాసుతో గబగబా దిగింది. అనుకున్నంతా అయింది. పాప పండగ ఎప్పుడో అయిపోయి తెరంతా నీలంగా ఉంది, ఎర్రదీపం ఇంకా వెలుగుతోంది, మనిషి కుర్చీలో తల వాల్చేసి ఉన్నాడు. ముందు బటన్ నొక్కింది. తరువాత నోరు తెరిచింది.

"ఏమయ్యా! చెప్పితిని గదా! నా ముద్దలన్నీ మింగేసింటాది గదా నీ నీలం టీవీ! ఊరోళ్ళ పెండ్లిళ్ళయితే నిద్రపోకుండా కాపలా కాస్తావు, నాదయితే మాత్రం..."

తిడుతూనే ఎంత మిగిలిందో చూద్దామని ప్లే నొక్కింది. గీతలు వచ్చాయి. గీతల్లోంచి ఎర్రచీరలో ఒక పిల్ల వచ్చింది. ముక్కు ఎర్రగా, కళ్ళు వాచిపోయి. ఎవరిదో చేయి నోటికి ముద్ద అందించింది. పిల్ల తల అడ్డంగా ఊపి, వెంటనే నోరు తెరిచింది.

మాబున్నికి నవ్వు ఆగలేదు. "ఇంగో చూడు, తింటానే ఉండా! లేయ్, చూడు!"

అంటూ అతని వైపు తిరిగింది.

అతని ఎడమచేయి ఒళ్ళో ఉంది, వేళ్ళు ఎడంగా. ఆమె ఆ వేళ్ళను ముట్టుకుంది. టీ గ్లాసును వీసీఆర్ మీద, దారపు గుడ్డ మీద పెట్టింది. ఆ గుడ్డ మీద తడి వస్తువు పెడితే అతను ఒప్పుకునేవాడు కాదు.

బాషాను మట్టిచేసిన మూడోనాడు, జియారత్ రోజున, ఏమీ తెలియకుండా, జయచంద్ర క్యాసెట్టు కోసం వచ్చాడు. వాకిట్లో చెప్పుల గుంపు చూసి బండి దిగకుండానే నిలబడిపోయాడు. మాబున్ని లోపలి నుంచి క్యాసెట్టు తెప్పించి ఇచ్చింది. ప్లాస్టరు ముక్క తీసేసి ఉంది.

"అవ్వకు చెప్పొద్దు నాయనా" అంది. "తినడం మానేస్తాది."

అతను చెప్పలేదు. మహేశ్వరికి కూడా చెప్పలేదు, ఆమె నోట్లో మాట దాగదని.

ఆ పల్లెలో ఇప్పుడు రోజూ మధ్యాహ్నం చౌడమ్మ సంగటి పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటుంది. పాపది చూసేది పొద్దున, అన్నానికి సంబంధం లేకుండా. మధ్యాహ్నం మాత్రం ఒకనాడు ఆయప్ప, ఒకనాడు ఆ పిల్ల. "ఏడవొద్దు మా, తిను. మంచోడే. కొంచెం లావయితాడు, అంతే" అని ఆ పిల్లకు చెబుతుంది. ఆయప్ప చేయి అడ్డం పెట్టినప్పుడు, "తీయ్ తీయ్, తెలుసులే" అంటుంది. అతను ఎముక కొడితే ఆమె ఉల్లిగడ్డను తట్ట అంచుకు కొడుతుంది.

"వస్తానన్యాడే, రాలేదేంది?" అని జయచంద్రను అప్పుడప్పుడూ అడుగుతుంది.

"పని ఎక్కువంట అవ్వా."

"ఏం పనో. తినేటప్పుడు తప్ప ఖాళీ లేదు ఆ మనిషికి."

ఇచ్చిన డబ్బాను ఖాళీగా తిప్పి పంపే అలవాటు ఆ ఇంట్లో లేదు. ప్రొద్దుటూరు పోయేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పమని అందరినీ అడుగుతూనే ఉంది. టీవీ మీద, మూత మీద చుక్కలు చుక్కలుగా 'షే. బాషా' అని చెక్కిన స్టీలు డబ్బా, నువ్వుల ఉండలతో నిండుగా, గట్టిగా బిగించి ఉంది.